కూతలకూ ఓ పదకోశం

పాడేరు చుట్టుపక్కల సంతల్లో తెలుగుతో పాటు కువి, కొండ, ఆదివాసీ ఒడియా వినిపిస్తాయి. అందరిదీ అదే అడవి, అవే పిట్టలు. కూతను పలికే మాటలు మాత్రం భాష మారితే మారిపోతాయి. మనకు కొక్కొరొకో అనే కోడి ఫ్రెంచివాళ్ళకు కొకొరికో, జర్మన్లకు కికెరికీ. రాత్రివేళ తీతువు అరిస్తే మనవాళ్ళు కీడు శంకిస్తారు. ఇంగ్లీషువాళ్ళకు అదే పిట్ట ‘డిడ్ యూ డూ ఇట్’ అని నిలదీస్తున్నట్టుంటుంది. మన కీచురాయి పేరులో కీచు ఉన్నట్టే, జపాన్‌లో ఒక ఈలపురుగు పేరులో దాని ‘మిన్ మిన్’ రొద ఉంది. పక్షుల పేర్లలో ధ్వన్యనుకరణ ఎక్కువని యాస్కుడు తన వ్యుత్పత్తి గ్రంథం నిరుక్తంలో ఏనాడో గమనించాడు.

తెలుగు మాట ఎక్కువగా అచ్చుతో ముగుస్తుంది. మన కోడి కూడా చివర ఓకారం తీస్తుంది. పాడేరు కనుమల్లోని ఎర్ర అడవికోడి అలా సాగదీయదు, కూత చివర టక్కున తెంపేస్తుంది. కువి, కొండ భాషల్లో గొంతు బిగించి గాలిని ఆపి పలికే ధ్వని ఒకటుంది. దానికి తెలుగు లిపిలో అక్షరమే లేదు. అడవికోడి కూతను మనకన్నా దగ్గరగా పలకగల నోళ్ళు కొండమీద ఉన్నాయని మా నమ్మకం.

కొండ భాషపై భద్రిరాజు కృష్ణమూర్తి గ్రంథం 1969లో వచ్చింది. ద్రావిడ, ఆర్య భాషలు ధ్వన్యనుకరణ పదాలను ఎంతగా పంచుకున్నాయో చూపిన భాషాశాస్త్రవేత్త ఎమెనో వ్యాసమూ ఆ ఏడాదిదే. పండితులు ఇంత విలువిచ్చిన మాటలు బడికి చిన్నవి కాకూడదు. కువి ఇంటి పిల్లకు అమ్మమ్మ నేర్పిన కూతను ‘అలా కాదు’ అని సరిదిద్దితే, ఆ పిల్ల చెవినే తప్పుపట్టినట్టు. మాతృభాషా వాచకాల్లో ఆ కూతే మొదటి పాఠం కావాలి.

పాడేరు, అరకు, చింతపల్లి వైపు పనిచేసే ఉపాధ్యాయులకు మా మనవి ఇది. పిల్లల చేత, పెద్దల చేత పిట్టల కూతలు వాళ్ళ భాషలో పలికించి రాసి పంపండి. పిట్ట పేరు, ఊరు, కూసే కాలం జతచేయండి. పురుగులను వదలకండి, వాటి పేర్లు అడిగేవాళ్ళే తక్కువ. లిపికి అందని చోట, చెప్పేవారి అనుమతితో ఫోనులో రికార్డు చేయండి. వచ్చే సంచిక నుంచి వీటికి ఒక పేజీ కేటాయిస్తున్నాం.