సింగరేణి: పేరిచ్చిన పల్లెను మరువవచ్చునా?

సింగరేణి యనగానే నేడు మనకు తోచునది బొగ్గు, రైలు వ్యాగను, విద్యుత్కేంద్రపు పొగగొట్టము. సింగరేణి యనునది ఒక పల్లె పేరనియు, ఆ పల్లె ఖమ్మం జిల్లాలో కారేపల్లి చెంత నున్నదనియు, గోదావరి లోయ పొడవునను వ్యాపించిన గనులన్నిటికిని ఆ పేరే నిలిచినదనియు ఎరిగినవారు మన పఠనమందిరములలో ఎందరు కలరు? పేరు మిగిలినది, ఊరి కథ మరుగుపడినది. ఈ మరపు మంచిది కాదని చెప్పుటకే మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

1871లో భూగర్భశాస్త్ర శాఖకు చెందిన విలియం కింగు దొర ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. ఆ బొగ్గుపొర కాయన పేరే పెట్టి నేటికిని కింగు పొర యనుచున్నారు. అంతకు ముందే భద్రాచలయాత్రకు పోవు బాటసారులు పొయ్యికి పెట్టిన నల్లరాళ్లు మండుట చూచి విస్తుపోయిరని జనులు చెప్పుకొందురు. ఆ బాటసారుల పేర్లు ఎవరికిని తెలియవు. దొర పేరు రాతిపొరకు దక్కినది. ఈ గనుల చరిత్ర యంతయు ఈ తీరుననే నడచినదని మా అభిప్రాయము.

1886లో నిజాము ప్రభుత్వము తన రాజ్యములోని ఖనిజములపై 99 ఏండ్ల హక్కును వాట్సను, స్టూవర్టు అను ఇద్దరు ఆంగ్లేయుల కిచ్చెను. దానిపై లండనులో హైదరాబాదు దక్కను కంపెనీ వెలసెను. పైకము చెల్లింపకయే వాటాలు పంచుకొనిరను అపవాదు పుట్టి, 1888లో ఇంగ్లండు కామన్సు సభవారే విచారణసంఘమును నియమింపవలసి వచ్చెను. ఈ బేరమును కుదిర్చిన అబ్దుల్ హక్కు పదవి కోల్పోయెను. దీనికి మూడేండ్లు ముందు, 1883లో, చాందా రైలు పథకమును ప్రశ్నించినందుకు సరోజినీదేవి తండ్రిగారైన అఘోరనాథ చట్టోపాధ్యాయులను హైదరాబాదునుండి వెడలగొట్టిన సంగతియు పాఠకులు మరువరాదు. రైలు కొరకు బొగ్గు, బొగ్గు కొరకు రైలు, అడిగినవానికి దేశబహిష్కారము.

దస్తావేజును చదువునప్పుడు ఇందులో పక్షము లెవరని చూచుట న్యాయవాదులమైన మాకు అలవాటు. ఆ 99 ఏండ్ల ఒడంబడికలో పక్షములు రెండే: హక్కు నిచ్చిన సర్కారు, పుచ్చుకొన్న దొరలు. ఆ నేలపై తరతరములుగా బ్రతుకుచున్న కోయవారు అందులో పక్షము కారు. సాక్షులుగా నైనను లేరు.

1889లో ఇల్లెందున బొగ్గుతీత ఆరంభమైనది. ఆ యేడే నిజాము రైలు బెజవాడ చేరినది. డోర్నకల్లునుండి గనులకు చీలిక మార్గము వేసిరి. దక్షిణదేశపు రైళ్లకును మిల్లులకును ఈ బొగ్గే ఎగుమతి యయ్యెను. అడవి నడుమ ఒక కొత్త జనపదము లేచినది. జనులు ఇల్లెందును బొగ్గుట్ట యని పిలిచిరి. గనిని బాయి యనిరి, గనిపనిని బాయిపని యనిరి. బొగ్గును త్రవ్వి, తట్టతో టబ్బులకెత్తి, మస్టరులో హాజరు వేయించుకొన్నవారే ఆ ఊరిని కట్టినవారు.

1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. 1937లో కొత్తగూడెమున గనులు తెరచిన పిమ్మట కంపెనీ కార్యస్థానము క్రమముగా అటు మరలినది. 1945లో నిజాము ప్రభుత్వము కంపెనీని వశపరచుకొన్నది; 1956లో అది ఆంధ్రప్రదేశమునకు సంక్రమించినది. ఈ తేదీలన్నియు పుస్తకములలో దొరకును. దొరకనిది మరొకటి కలదు: ఇల్లెందు తొలి బాయిలలో దిగినవారెవరు, ఏ పల్లెనుండి వచ్చిరి, ఎవరు తిరిగి పైకి రాలేదు? 1940లలో కార్మికసంఘమును నిలిపి ప్రాణములర్పించిన దేవూరి శేషగిరి పేరును కొత్తగూడెమున సంఘభవనము మోయుచున్నది. ఒక నాయకునికి సంఘమువారు చేసిన న్యాయమును వేలకొలది కూలివారికి ఎవరు చేయవలెను?

ఇది పరరాష్ట్రపు సంగతి, 2014 తరువాత మనకేల యని కొంద రనవచ్చును. భద్రాచలము 1959 వరకు తూర్పుగోదావరి జిల్లాలోనిదే గదా! ఆ గనులు గోదావరి లోయలోనివి, మనము త్రాగు నీరును ఆ గోదావరిదే. అంతకంటె ముఖ్యమైన మాట: 2022 వరకు మన పశ్చిమగోదావరి జిల్లాలోనిదైన మన్యమున బుట్టాయిగూడెము చెంత బెడదనూరులో బొగ్గుపొర లున్నవని పందొమ్మిదవ శతాబ్దిలోనే శాస్త్రజ్ఞులు గుర్తించిరి. చింతలపూడి ప్రాంతమునను బొగ్గు కలదు. రేపు ఆ పొరలపై ఎవరి కన్నైన పడినచో, పైనున్న కోయ, కొండరెడ్డి పల్లెలు ఆ దస్తావేజులో పక్షములగునా, లేక సింగరేణివలె పేరు మాత్ర మిచ్చి ఊరకుండునా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలెనన్న మొదటి పల్లె గతి తెలిసియుండవలెను.

కనుక మా సూచన యిది. రాజమహేంద్రవరము 1922లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలిని స్థాపించిన ఊరు. రాజరాజనరేంద్రుని శాసనములను వెదకి అచ్చు వేసిన ఊరు. రాజు చెక్కించిన రాయి శాసనమైనచో కూలివాని పేరున్న మస్టరు శాసనము కాదా? గనులు మూతపడినకొలది పాత మస్టరులు, ప్రమాదపు విచారణ కాగితములు, సంఘముల కరపత్రములు చెదల పాలగునను భయము కలదు. కంపెనీవారు వానిని భద్రపరచి పరిశోధకులకు తెరువవలెను. బాయిలో దిగిన వృద్ధుల మాటలను వారున్నప్పుడే వ్రాసికొనవలెను; కోయపెద్దలు చెప్పు కథను కోయభాషలోనే వ్రాసికొనవలెను. గౌతమీ గ్రంథాలయము వంటి సంస్థలు అందుకొక బీరువా కేటాయించిన చాలును. 1914లో బెజవాడలో గ్రంథాలయసంఘమును స్థాపించిన పెద్దలు ఊరూర పుస్తకము చేరవలెననిరి. ఊరి కథయు పుస్తకము చేరవలెనని మేము కోరుచున్నాము.

బొగ్గు ఎన్ని టన్నులు తీసిరో లెక్క వ్రాయుటకు గుమాస్తాలు కలరు. తీసినవారి లెక్క వ్రాయుట ప్రజలపని. ఆ పని ఇంకను మొదలు పెట్టకపోవుట మన యందరి లోపము. మొదలు పెట్టుటకు నేటికిని వేళ మించిపోలేదు.