ఉచితమే... పదమూడో రోజు దాకా!

పాలు వద్దనుకుంటే పాలబ్బాయికి ముందురోజు ఓ మాట చెబితే చాలు. పేపరు మానేయాలంటే నెలాఖర్లో బిల్లుకొచ్చిన ఏజెంటుకు చెప్పేస్తాం. డబ్బు ఇచ్చేది మన చెయ్యే కాబట్టి, ఇవ్వడం ఆపితే చందా కూడా ఆగిపోతుంది. సెల్‌ఫోన్‌లోకి చేరిన చందాల తీరే వేరు. అక్కడ డబ్బు మనం ఇవ్వం, వాళ్లే తీసుకుంటారు. 'వద్దు' అని సరైన చోట, సరైన సమయానికి చెప్పేదాకా తీసుకుంటూనే ఉంటారు!

సినిమాల యాప్, పాటల యాప్, పిల్లల చదువుల యాప్, ఫొటోలు దిద్దే యాప్, జాతకం చెప్పే యాప్, బరువు తగ్గించే యాప్... అన్నిటిదీ ఒకటే పిలుపు. 'ఏడు రోజులు ఉచితం', 'పద్నాలుగు రోజులకు ఒక్క రూపాయే'! సరే చూద్దామని నొక్కితే, ముందుగా కార్డు నంబరు అడుగుతుంది. ఉచితంగా ఇచ్చేదానికి కార్డు ఎందుకు? కిటుకంతా అక్కడే ఉంది.

రూపాయి వెనక సంతకం

ఆ ఒక్క రూపాయి యాప్ ధర కాదు. కార్డు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికీ, ఇకమీదట నెలనెలా డబ్బు తీసుకునేందుకు కార్డుదారు అనుమతి పొందడానికీ అదో దారి. ఆ సమయంలో ఓటీపీ కొట్టామంటే, తేదీలు వేసిన చెక్కుల మీద ముందే సంతకాలు చేసి ఇచ్చినట్టే. బ్యాంకు భాషలో దీని పేరు 'ఈ-మ్యాండేట్'. యూపీఐలో అయితే 'ఆటోపే'.

పిన్ కొట్టేముందు తెరమీద మూడు విషయాలు కనిపిస్తాయి. గరిష్ఠంగా ఎంత తీసుకోవచ్చు, ఎన్నాళ్లకోసారి తీసుకోవచ్చు, ఎప్పటివరకు తీసుకోవచ్చు. చాలామంది కళ్లు మాత్రం పెద్ద అక్షరాల్లో ఉన్న ఆ ఒక్క రూపాయి దగ్గరే ఆగిపోతాయి.

ఓ లెక్క చూద్దాం. నెలకు 499 రూపాయల చదువుల యాప్. మొదటి 14 రోజులు ఉచితం. పరీక్షల ముందు పిల్లాడి కోసం తండ్రి తన కార్డుతో తీసుకున్నాడనుకోండి. పరీక్షలయిపోయాయి. పిల్లాడు దాని మొహం చూడటం మానేశాడు. తండ్రి ఫోన్లోంచి యాప్‌ను తీసేశాడు కూడా. అయినా నెలనెలా 499 పోతూనే ఉంటుంది. ఏడాదికి 5,988 రూపాయలు! అమ్మ ఫోన్లో ఒకటి, అమ్మాయి ఫోన్లో ఒకటి, తాతగారి పెన్షన్ ఖాతా డెబిట్ కార్డు మీద మరొకటి... ఇలా నాలుగుంటే ఏడాదికి 23,952. జీతం వచ్చే ఇంట్లో ఒక 499 లెక్కలోకి రాకపోవచ్చు. పెన్షన్ మీద నెల గడిపే పెద్దాయనకు మాత్రం అది మందుల డబ్బు.

ఇరవై నాలుగు గంటల ముందు...

కార్డుల మీద ఇలా పదేపదే జరిగే చెల్లింపులకు రిజర్వ్ బ్యాంకు 2019 ఆగస్టులో నిబంధనలు పెట్టింది. బ్యాంకులూ, వ్యాపార సంస్థలూ సిద్ధం కావడానికి గడువు పొడిగించి, 2021 అక్టోబరు 1 నుంచి గట్టిగా అమలు చేసింది. ఆ రోజుల్లో చాలామందికి అలవాటుగా సాగే చెల్లింపులు ఉన్నట్టుండి ఆగిపోవడానికి కారణం అదే.

ఆ నిబంధనల సారాంశం ఇదీ. మొదటిసారి అనుమతి ఇచ్చేటప్పుడు ఓటీపీ లాంటి అదనపు ధ్రువీకరణ తప్పనిసరి. తర్వాత ప్రతిసారీ డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు కార్డుదారుకు సమాచారం పంపాలి. ఎవరు తీసుకుంటున్నారు, ఎంత, ఎప్పుడు, ఎందుకు అన్నవన్నీ అందులో ఉండాలి. ఆ ఒక్క చెల్లింపునే వద్దనడానికీ, మొత్తం అనుమతినే వెనక్కి తీసుకోవడానికీ వీలుండాలి. ఈ సదుపాయానికి ఖాతాదారు నుంచి పైసా వసూలు చేయకూడదు.

మరి ఇంత రక్షణ ఉన్నా డబ్బు ఎలా పోతోంది? తర్వాతి చెల్లింపులకు ఓటీపీ అక్కర్లేని పరిమితి మొదట్లో 2,000 రూపాయలు. అది 5,000 అయింది. 2022 జూన్‌లో 15,000కు చేరింది. యాప్‌ల నెలచందాలన్నీ దాదాపు ఈ గీతకు చాలా కిందే ఉంటాయి. అంటే మనల్ని అడిగేవారుండరు, చెప్పేవారు మాత్రమే ఉంటారు. ఆ చెప్పేది కూడా ఎస్సెమ్మెస్‌లోనో, మెయిల్‌లోనో! లోన్ ఇస్తామంటూ వచ్చే ఇరవై మెసేజ్‌ల మధ్య అదొకటి. బ్యాంకులో పాత ఫోన్ నంబరే ఉంటే ఆ కబురు కూడా అందదు. అందుకే ముందుగా చేయాల్సిన పని, బ్యాంకు దగ్గరున్న ఫోన్ నంబరూ మెయిల్ చిరునామా సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడం.

తలుపులు రెండు... రెండూ వేయాలి

చాలామంది తడబడేది ఇక్కడే. చందా వేరు, చెల్లింపు అనుమతి వేరు. చందా అనేది యాప్ కంపెనీతో ఒప్పందం. అనుమతి బ్యాంకు దగ్గర ఉంటుంది. బ్యాంకులో అనుమతి రద్దు చేసినంత మాత్రాన కంపెనీ పుస్తకాల్లో మన పేరు పోదు. బాకీ ఉన్నారంటూ మెసేజ్‌లు రావచ్చు. అలాగే యాప్‌లో చందా ఆపేసినా, బ్యాంకు దగ్గర అనుమతి అలాగే మిగిలిపోవచ్చు. కాబట్టి ముందు కంపెనీ తలుపు, ఆ వెంటనే బ్యాంకు తలుపు.

* యాప్‌ను ఫోన్లోంచి తీసేస్తే చందా ఆగదు. ఆండ్రాయిడ్ ఫోన్లో ప్లే స్టోర్ ద్వారా తీసుకున్నదైతే, ప్లే స్టోర్ తెరిచి పైన మూలనున్న మీ బొమ్మ మీద నొక్కండి. 'పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్'లో 'సబ్‌స్క్రిప్షన్స్' ఉంటుంది. వద్దనుకున్నదాన్ని అక్కడే రద్దు చేయాలి. ఇంట్లో రెండు మూడు గూగుల్ ఖాతాలుంటే, ఏ ఖాతాతో తీసుకున్నారో దాంట్లోనే చూడాలి.

* ఐఫోన్ అయితే 'సెట్టింగ్స్'లో పైనున్న మీ పేరు నొక్కి, 'సబ్‌స్క్రిప్షన్స్'లోకి వెళ్లాలి. ఉచిత గడువు ముగియడానికి కనీసం 24 గంటల ముందే రద్దు చేయాలన్నది యాపిల్ మాట. అంటే పద్నాలుగు రోజుల ఉచితంలో పదమూడో రోజు దాటనివ్వకూడదు.

* వెబ్‌సైట్‌లో నేరుగా కార్డు ఇచ్చి చేరితే, అక్కడే లాగిన్ అయి 'అకౌంట్' లేదా 'బిల్లింగ్' పేజీలో రద్దు చేయాలి. రద్దయినట్టు మెయిల్ వచ్చిందా, లేదా చూడాలి. రాకపోతే ఆ పేజీని తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి.

* తర్వాత బ్యాంకు. బ్యాంకు యాప్‌లోనో, నెట్ బ్యాంకింగ్‌లోనో కార్డుల విభాగంలో 'ఈ-మ్యాండేట్' లేదా 'స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్స్' అని ఉంటుంది. ఆ కార్డు మీద ఎవరెవరికి అనుమతి ఉందో అక్కడ జాబితాగా కనిపిస్తుంది. అక్కర్లేనివి రద్దు చేయవచ్చు. దొరక్కపోతే కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు.

* యూపీఐతో అనుమతి ఇచ్చి ఉంటే, ఆ యూపీఐ యాప్‌లోనే 'ఆటోపే' లేదా 'మ్యాండేట్స్' అన్న చోట చూడాలి. పిన్ కొట్టి రద్దు చేయాలి.

చాలా సేవలు ఈరోజే రద్దు చేసినా ఉచిత గడువు తీరేదాకా వాడుకోనిస్తాయి. కొన్ని అక్కడికక్కడే ఆపేస్తాయి. అది చదివి తెలుసుకుంటే, చేరిన రోజే రద్దు చేసి నిశ్చింతగా ఉండొచ్చు. రేపు డబ్బు తీసుకుంటామన్న మెసేజ్ వచ్చాక, చివరి గంటల్లో చూద్దామని ఊరుకోవడం మాత్రం మంచిది కాదు. అప్పటికే దారిలో ఉన్న చెల్లింపు ఆగకపోవచ్చు.

లోపలికి రాజమార్గం... బయటికి చిట్టడవి

చేరడానికి ఒక్క నొక్కుడు. మానడానికి ఏడు పేజీలు! 'నిజంగా వెళ్లిపోతారా?', 'సగం ధరకే ఇస్తాం', 'కారణం చెప్పండి', 'ఇంకోసారి ఆలోచించండి'... విసిగిపోయి వదిలేస్తారన్నదే వాళ్ల ఆశ. మన దేశంలో ఇలాంటి ఎత్తులకు చట్టం పేరు పెట్టింది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న నోటిఫై చేసిన మార్గదర్శకాల్లో 13 రకాల 'డార్క్ ప్యాటర్న్స్' ఉన్నాయి. అందులో ఒకటి 'సబ్‌స్క్రిప్షన్ ట్రాప్', అంటే చందా ఉచ్చు. రద్దు చేసే వీలును దాచిపెట్టడం, రద్దును చిక్కుముడిగా మార్చడం, ఎలా రద్దు చేయాలో అర్థం కాకుండా రాయడం అన్నీ ఇందులోకే వస్తాయి. ఉచిత చందా కోసం చెల్లింపు వివరాలో, ఆటో డెబిట్ అనుమతో ఇచ్చి తీరాలని బలవంతపెట్టడం కూడా ఇందులో భాగమే!

ఇది మన ఊళ్ల బాధే కాదు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 జూన్‌లో అమెజాన్ మీద కేసు వేసింది. ప్రైమ్ చందాలో జనాన్ని సరైన అనుమతి లేకుండా చేర్చుకున్నారనీ, రద్దును కష్టంగా మార్చారనీ ఆరోపణ. రద్దు పేజీల వరసకు కంపెనీ లోపల 'ఇలియడ్' అని పేరు పెట్టుకున్నారని కమిషన్ చెప్పింది. గ్రీకుల సుదీర్ఘ యుద్ధకావ్యం పేరది! తప్పు చేసినట్టు ఒప్పుకోకుండానే, 2025 సెప్టెంబరులో 250 కోట్ల డాలర్లకు కంపెనీ రాజీ కుదుర్చుకుంది. అందులో 150 కోట్లు వినియోగదారులకు తిరిగి ఇవ్వడానికే. చేరినంత తేలిగ్గా మానేసే వీలుండాలంటూ అదే కమిషన్ 2024 అక్టోబరులో తెచ్చిన నిబంధన మాత్రం నిలవలేదు. 2025 జులైలో కోర్టు దాన్ని కొట్టేసింది.

అక్కడ చదువుకునే, ఉద్యోగాలు చేసే మన పిల్లలు మరో సంగతి గుర్తుంచుకోవాలి. మన దగ్గరిలా ప్రతి చెల్లింపుకూ ముందురోజు బ్యాంకు నుంచి కబురు వస్తుందని అనుకోకూడదు. కార్డు మార్చేస్తే పీడ వదులుతుందనీ అనుకోకూడదు. కొత్త కార్డు వివరాలను వ్యాపారులకు చేరవేసే ఏర్పాటు కార్డు సంస్థలకు అక్కడ ఉంది. నెలనెలా స్టేట్‌మెంట్ చదువుకోవడమే కాపలా.

డబ్బు పోయాక...

మొదటి కోత కనిపించగానే కదలాలి. ముందు చందా ఆపి, ఆ వెంటనే కంపెనీకి రాతపూర్వకంగా వాపసు అడగాలి. గూగుల్ ప్లేలో కొన్నవాటికి 48 గంటల్లోపు అడిగితే వాపసు దొరికే అవకాశం ఎక్కువ. అనుమతి రద్దు చేశాక కూడా డబ్బు పోతే అది బ్యాంకు జవాబు చెప్పాల్సిన విషయం. ఆలస్యం చేయకుండా ఫిర్యాదు చేసి, ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోయినా, ఇచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448కి ఫోన్ చేయవచ్చు. కంపెనీ మీద ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

ఒక్క జాగ్రత్త అన్నిటికన్నా ముఖ్యం. రద్దు చేసుకోవాలన్న తొందరలో ఇంటర్నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి, కనిపించిన మొదటిదానికి ఫోన్ చేయొద్దు. మోసగాళ్లు పెట్టిన దొంగ నంబర్లు అలాగే కాచుక్కూర్చుంటాయి. 'చందా రద్దు చేస్తాం, వచ్చిన ఓటీపీ చెప్పండి' అన్నా, 'ఈ యాప్ దించుకోండి' అన్నా ఫోన్ పెట్టేయాలి. 499 కాపాడుకోబోయి ఖాతా మొత్తం పోగొట్టుకునేది అక్కడే. అలా జరిగితే క్షణం ఆగకుండా 1930కి ఫోన్ చేయాలి.

పద్దు పుస్తకంలో ఓ పేజీ

ఈ చిక్కుకు మందు చాలావరకు ఇంట్లోనే ఉంది. పాలపద్దు రాసే పుస్తకంలో ఓ పేజీ చాలు. యాప్ పేరు, ఎవరి ఫోన్లో ఉంది, ఏ కార్డు, ఎంత, ఉచితం ఎప్పటిదాకా... ఇవి రాసుకోవాలి. గడువుకు రెండు రోజుల ముందు మోగేలా ఫోన్లో అలారం పెట్టుకోవాలి. నెలకోసారి ఓ ఆదివారం పూట ఇంట్లో అందరి ఫోన్లూ, స్టేట్‌మెంట్లూ ముందేసుకుంటే అరగంట పని. 'ఇది ఎవరు వాడుతున్నారు?' అని అడిగితే ఎవ్వరూ పలకనిది ఒకటైనా బయటపడుతుంది.

అప్పుడు పిల్లల్ని కోప్పడొద్దు. పెద్దవాళ్లని 'మీకెందుకండీ ఇవన్నీ' అనొద్దు. తిడతారన్న భయంతోనే చాలామంది డబ్బు పోతున్న సంగతి దాచేస్తారు. దాచినకొద్దీ నెలలు గడుస్తాయి. తాతగారి ఫోన్ పక్కన కూర్చుని, ఆ రద్దు మీట ఎక్కడుందో చూపించి, ఆయన చేతే నొక్కించండి. ఇంకోసారి 'ఉచితం' అని కనిపించినప్పుడు, కార్డు తీసేముందు ఆయనే ఇంట్లో ఓ మాట అడుగుతారు.