తేనెటీగల ముసలాయన దగ్గర శిష్యురాలు

మా పిట్లంలో ఒకప్పుడు నవల పట్టుకున్న ఆడపిల్లంటే పెద్దలకు అనుమానమే. బాన్సువాడ నుంచి ఎవరో తెచ్చిన అద్దె నవల నాలుగిళ్లు తిరిగి నా చేతికొచ్చేసరికి అట్ట ఊడిపోయేది. ఒక్కోసారి హంతకుడెవరో చెప్పే ఆఖరి పేజీలే ఉండేవి కావు! అయినా బియ్యం డబ్బా వెనక దాచుకుని మరీ చదివాను. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు నాకు ఇంట్లోవాళ్లతో సమానం. నేను చదివినంతలో ఆ విద్య నేర్చుకునేవాడు మగపిల్లాడే. అది నాకప్పుడు వింతగా కూడా తోచలేదు.

మొన్న సెలవులకు మా మేనకోడలు ఒక ఇంగ్లీషు నవల తెచ్చింది. 'ది బీకీపర్స్ అప్రెంటిస్'. రాసినావిడ అమెరికా రచయిత్రి లారీ ఆర్. కింగ్, అచ్చయింది 1994లో. నా ఇంగ్లీషు అంతంత మాత్రం. అది చదివి చెబుతుంటే నేను చిక్కుడుకాయలు ఒలుస్తూ విన్నాను.

కథ 1915లో మొదలవుతుంది. కానన్ డాయిల్ 1887లో పుట్టించిన షెర్లాక్ హోమ్స్ ముసలివాడై, ఇంగ్లండులో ససెక్స్ పల్లెపట్టున తేనెటీగలు పెంచుకుంటుంటాడు. మేరీ రసెల్ అనే పదిహేనేళ్ల పిల్ల పుస్తకంలో తల దూర్చి నడుస్తూ ఆయన్ను తొక్కినంత పని చేస్తుంది. అమ్మానాన్నా, తమ్ముడూ కారు ప్రమాదంలో పోతే పినతల్లి పంచన ఉన్న పిల్ల. తేనెటీగల మీద ఆయన పెట్టిన రంగు చుక్కలు చూసి, ఎందుకు పెట్టాడో చెప్పేస్తుంది. అంత గొప్ప డిటెక్టివూ ఆమెను మగపిల్లాడనుకుంటాడు! టోపీ తీశాక జడలు చూసి తెల్లబోతాడు. మేమిద్దరం ఎంత నవ్వామో!

అక్కణ్నుంచి శిష్యరికం. హోమ్స్ మెచ్చుకోవడంలో మహా పిసినారి. మా అమ్మ వంట నేర్పిన తీరూ అదే. "పప్పు ఉడికిందా అమ్మా?" అంటే, "నీకు కండ్లు లేవా, ముక్కు లేదా?" అనేది. అప్పుడు ఏడుపొచ్చేది కానీ, ఈనాటికీ పక్కగదిలోంచే పోపు మాడుతోందని చెప్పగలను.

నన్ను పట్టేసింది మాత్రం ఒక అమెరికన్ సెనేటర్ కూతురు, చిన్నపాప, అపహరణకు గురయ్యే ఘట్టం. గురుశిష్యులు జిప్సీల వేషంలో వేల్స్ అంతా గాలిస్తారు. తీరా సమయం వచ్చాక మేరీ ఒక్కతే రాత్రివేళ చెట్టెక్కి పాపను తెస్తుంది. రెండో సగం కాస్త సాగింది. వాట్సన్‌ను మరీ అమాయకుణ్ని చేశారనీ అనిపించింది. ఇంకో సంగతి. మేరీ ఆక్స్‌ఫర్డ్‌లో చేరుతుంది. ఆ యూనివర్సిటీ ఆడవాళ్లకు డిగ్రీలివ్వడం మొదలుపెట్టింది 1920లో. అంటే పట్టా వస్తుందన్న భరోసా లేకుండానే చదువుకు వెళ్లిందన్నమాట.

ఇదంతా ఎందుకంటే, మా మేనకోడలు హైదరాబాదులో ఫోరెన్సిక్ సైన్సు చదువుతానంటోంది. మా తమ్ముడికి ఇష్టం లేదు. "శవాల చదువేందక్కా ఆడపిల్లకు? రేపు సంబంధాలొస్తయా?" అంటాడు. వాడిది చెడ్డ మనసు కాదు, భయం. నేను వాదించలేదు. ఆ రాత్రి కరెంటు పోతే వాకిట్లో కూర్చుని ఈ కథే చెప్పాను. పాప దొరికే చోటికి వచ్చాక మంచినీళ్లకని లేచాను.

"మరి ఆ పిల్ల పాపను దింపిందా, లేదా?" అన్నాడు చీకట్లోంచి.

"దింపింది."

"ఆ ముసలాయన తిట్టలేదా?"

"నీ బిడ్డనడుగు. పుస్తకం చదివింది అది" అన్నాను.

తండ్రీకూతుళ్లు చాలాసేపు మాట్లాడుకున్నారు. సరేనని మాత్రం ఇంకా అనలేదు. తెల్లారి చాయ్ తాగుతూ, "ఆ హాస్టలుకు ఏడాదికి ఎంతట?" అని నన్నడిగాడు.