ఓడ మీద ఏడు రాత్రులు

పుష్య బహుళ పంచమి నాటికి తిరువయ్యారు చేరుకొని, కావేరి ఒడ్డున పందిట్లో కూర్చుని పంచరత్న కీర్తనలలో గొంతు కలిపి వచ్చేవారు మన సంస్థలోనూ కొందరున్నారు. రైలులో బెర్తు దొరకదు, ఊళ్ళో బస దొరకదు. అయినా ఏటా వెళతారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే, భూగోళానికి అవతలి వైపున ఇటువంటి యాత్రే మరొకటి సాగుతుంది. అక్కడ నది లేదు, పందిరి లేదు, ఓడ ఉంది. భక్తులు అమెరికాలోని ఫ్లోరిడా తీరాన ఓడ ఎక్కి, వారం రోజులపాటు కరీబియన్ సముద్రంలో తిరుగుతూ, రేయింబవళ్ళు బ్లూస్ సంగీతం వింటారు. లెజెండరీ రిథమ్ అండ్ బ్లూస్ క్రూయిజ్ అని దాని పేరు. కాన్సాస్ సిటీలో గ్రాండ్ ఎంపోరియం అనే సంగీతశాలను నడిపిన రోజర్ నేబర్ 1990లలో ఈ యాత్రలకు శ్రీకారం చుట్టాడు. ఓడలో కొన్ని గదులు కాక, ఓడ మొత్తాన్నీ అద్దెకు తీసుకోవడం ఇందులోని విశేషం. కనుక ఎక్కినవారందరిదీ ఒకటే పిచ్చి.

ఆ పిచ్చి మాకు ట్రెయినీ హాస్టల్లో ఒక సహచరుడు ఇచ్చిన క్యాసెట్టుతో అంటుకుంది. మూడు దశాబ్దాలు గడిచినా తగ్గలేదు. 2020 జనవరిలో, హ్యూస్టన్‌లో ఉన్న మా బావమరిది సగం ఖర్చు భరిస్తాననగా, మేమూ మా శ్రీమతీ ఆ ఓడ ఎక్కాము. ఇద్దరికీ కలిపి ఎంతయిందని మిత్రులు అడుగుతూనే ఉంటారు. ఒక చిన్న కారు ఖరీదు. మేము నేటికీ స్కూటరు మీదనే డ్యూటీకి వస్తున్నామంటే కారణం అదే.

బ్లూస్ అంటే ఏమిటో తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు చెప్పాలి. ఆంగ్లంలో ఈ మాటకు నీలిరంగుతో పాటు దిగులు అనే అర్థం కూడా ఉంది. ఈ సంగీతం పుట్టింది అమెరికా దక్షిణాది పత్తి చేలల్లో, రైలు కట్టల మీద, మునుపటి బానిసల బిడ్డల గొంతులలో. 1903 ప్రాంతంలో మిసిసిపీ రాష్ట్రంలోని టట్‌వైలర్ అనే చిన్న స్టేషనులో రైలు కోసం ఎదురుచూస్తున్న డబ్ల్యూ. సి. హ్యాండీ అనే సంగీతజ్ఞుడు, చిరిగిన బట్టలతో ఉన్న ఒక నల్లజాతి మనిషి గిటారు తీగల మీద కత్తిని జార్చుతూ పాడడం విన్నాడు. ఆ నాదం తనను వెంటాడిందని తరువాత రాసుకున్నాడు.

తీగ మీద కత్తి జార్చడం మనకు కొత్త కాదు. గోటువాద్యంలో మెట్లు ఉండవు. నున్నటి దిమ్మను తీగల మీద నడిపి స్వరాన్ని స్వరంలోకి జార్చుతారు. రెండు ఖండాల మధ్య ఈ చుట్టరికాన్ని గుర్తించినవాడు తాజ్ మహల్. కట్టడం కాదు, మనిషి. 1942లో పుట్టిన ఈ నల్లజాతి గాయకుడి అసలు పేరు హెన్రీ సెయింట్ క్లెయిర్ ఫ్రెడరిక్స్. మన ఎన్. రవికిరణ్ చిత్రవీణతోనూ, విశ్వమోహన్ భట్ మోహనవీణతోనూ కలిసి ఆయన చేసిన ముంతాజ్ మహల్ అనే ఆల్బమ్ 1995లో వెలువడింది. ఈ ఓడల మీద ఆయన పలుమార్లు పాడాడు.

బ్లూస్ పాట నిర్మాణం చాలా పొదుపైనది. పన్నెండు కొలతలు, మూడు పాదాలు; మొదటి పాదమే రెండవసారి వస్తుంది, మూడవది దానికి జవాబు చెబుతుంది. మొదటి రెండు రోజులు మా శ్రీమతి, "ఎంతసేపూ అదే పాడతారేమండీ?" అని విసుక్కున్నది. మూడవనాడు ఒక పెద్దావిడ అదే పాదాన్ని ఏడెనిమిది విధాల పాడగా విని, "ఇది నెరవు కదూ" అన్నది తానే. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవారికి ఈ తలుపు త్వరగా తెరుచుకుంటుంది. ఇందులోని ముఖ్యమైన స్వరం మన సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ ఎక్కడో ఊగుతూ ఉంటుంది. పియానో మీద అది లేదు. గిటారు మీద తీగను పక్కకు నెట్టి రాబట్టాలి.

ఈ నెట్టడం గురించి ఇంజనీర్లు ఒక్క క్షణం ఆలోచించాలి. తీగ పౌనఃపున్యం దాని బిగువు యొక్క వర్గమూలాన్ని అనుసరిస్తుందని ఇంటర్మీడియట్‌లోనే చదువుకున్నాము. రెండు మెట్ల మేర స్వరం పెరగాలంటే పౌనఃపున్యం సుమారు 12 శాతం, అనగా బిగువు సుమారు 26 శాతం పెరగాలి. ఒక ఉక్కు తీగ బిగువును నాలుగోవంతుకు పైగా పెంచి, అక్కడ నిలిపి, వణికించి, మళ్ళీ దించడం, ఇదంతా రెండు మూడు వేళ్ళ పని. ఒక రాత్రి వేదికకు నాలుగు అడుగుల దూరంలో కూర్చుని, డెబ్బై దాటిన ఒక వాద్యకారుడి వేళ్ళు చూశాము. మన ఫిట్టింగ్ షాపులో పాతికేళ్ళు పనిచేసిన చేతులలాగే ఉన్నాయి.

అది యాదృచ్ఛికం కాదు. ఈ సంగీత చరిత్రలో కనబడేవారంతా కార్మికులే. బి. బి. కింగ్ ఇండియనోలా దగ్గర ట్రాక్టరు నడిపేవాడు. స్టోవాల్ తోటలో పత్తి ఏరిన మడ్డీ వాటర్స్ 1943లో షికాగో చేరి కాగితపు కర్మాగారంలో పనిచేశాడు, లారీ తోలాడు. సన్ హౌస్ రైల్వేలో పనిచేశాడు. మిసిసిపీ జాన్ హర్ట్ 1928లో రికార్డులు ఇచ్చి, అవి అమ్ముడుపోక ఊరికి మరలిపోయి, 1963లో అభిమానులు వెతుక్కుంటూ వచ్చేదాకా పొలం పనులలోనే ఉన్నాడు. అక్కడి రైలు పట్టాలను గడ్డపారలతో పక్కకు జరిపే ముఠాలకు ఒక పాటగాడు ఉండేవాడు. అతడు పదం అందుకుంటే, ఆ లయకు అందరి బలమూ ఒక్క క్షణంలో పడి పట్టా కదిలేది. మన గ్యాంగుమెన్ల 'జోర్ లగాకే హైసా' విన్నవారికి ఇంతకు మించి చెప్పనక్కరలేదు. 1944లో క్లార్క్స్‌డేల్ దగ్గరి హాప్సన్ తోటలో పత్తి ఏరే యంత్రాలను ప్రదర్శించారు. ఒక్కొక్క యంత్రం యాభై మంది పని చేసింది. చేలల్లో పని తరిగినకొద్దీ జనం ఉత్తరాది కర్మాగారాలకు తరలిపోయారు. వారి వెంట పాట కూడా రైలెక్కింది. షికాగో సారాకొట్ల రొదలో మామూలు గిటారు వినబడదు గనుక దానికి కరెంటు తగిలించారు.

ఇక ఓడ సంగతి. రెండువేల మందికి పైబడిన ప్రయాణికులు, అయిదారు వేదికలు, మధ్యాహ్నం మొదలై తెల్లవారుజాము దాకా సంగీతం. ప్రతివారూ తమ గది తలుపును తమకు నచ్చిన గాయకుల బొమ్మలతో అలంకరించుకుంటారు. మా తలుపుకు మా శ్రీమతి మామిడాకుల తోరణం కట్టింది. ప్లాస్టిక్కుదే, కాని ఆ నడవలో అందరూ దాని ముందు నిలబడి ఫోటోలు తీసుకున్నారు. శాకాహారులకు భోజనం కాస్త ఇబ్బందే, కందిపొడి ఆదుకుంది. కళాకారులు కూడా మనతోపాటే కంచం పట్టుకొని వరుసలో నిలబడతారు. ముందురోజు రాత్రి మనను ఏడిపించిన మనిషి పక్కనే నిలబడి, "ఆ బంగాళాదుంపలు బాగున్నాయా?" అని అడుగుతాడు. అసలు పండుగ అర్ధరాత్రి దాటాకనే. వేరు వేరు బృందాలవారు ఒక్క వేదిక ఎక్కి, ముందు అనుకోకుండా, చూపులతోనే ఒకరికొకరు వంతులు ఇచ్చుకుంటూ వాయిస్తారు. సముద్రం కాస్త ఊగిన ఒక రాత్రి డ్రమ్ములవాడి పళ్ళెం పక్కకు జారిపోతే, కొట్టడం ఆపకుండా కాలితో వెనక్కు లాక్కున్నాడు. అతనికి లభించినన్ని చప్పట్లు ఆ రాత్రి గాయకునికి కూడా లభించలేదు. మాతో బల్ల పంచుకున్న ఒక రిటైరైన లారీ డ్రైవరుకు ఇది పన్నెండవ యాత్ర. ఏడాది పొడుగునా దీనికోసమే దాస్తాడట.

అయితే ఒక విషయం మమ్మల్ని మొదటినుంచీ గుచ్చుతూనే ఉన్నది. పత్తి చేలల్లో ఆకలితో పుట్టిన పాటను, తెల్లని ఓడ మీద, పండ్ల రసాలు తాగుతూ వినడమేమిటి? విన్నవారిలో అధికులు తెల్లవారు, కాస్త కలిగినవారు. బ్లూస్ సామ్రాజ్ఞి అనిపించుకున్న బెస్సీ స్మిత్ 1937లో మరణిస్తే, 1970 దాకా ఆమె సమాధి మీద పేరు చెక్కిన రాయి కూడా లేదు. ఈ సంగతి ఒక గిటారు కళాకారుని దగ్గర ఎత్తితే ఆయన నొచ్చుకోలేదు. తమ ఊళ్ళో శుక్రవారం రాత్రి వాయిస్తే ముప్పయ్యేళ్ళ కిందట ఎంత ఇచ్చేవారో ఇప్పుడూ అంతే ఇస్తున్నారనీ, ఇక్కడ మాత్రం మాట్లాడకుండా వినేవారు ఉన్నారనీ, జీతం సకాలంలో వస్తుందనీ చెప్పాడు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. ముసలి కళాకారులకు మందులు, అద్దె ఖర్చులలో సాయపడడానికి మ్యూజిక్ మేకర్ వంటి సంస్థను 1994లో నెలకొల్పవలసి వచ్చిందంటే పరిస్థితి ఊహించుకోవచ్చు. అయినా గుచ్చడం మానలేదు.

మూడవ రేవులో దిగినప్పుడు, గట్టు పక్కన ఉచితంగా ఇంటర్నెట్ దొరికే ఒక దుకాణం ముందు ఓడ సిబ్బంది ఫోన్లు పట్టుకొని గుంపులుగా కూర్చుని ఉన్నారు. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ దేశాలవారే ఎక్కువ. ఆ మాటల మధ్య "అమ్మా, నాన్న నేడు వెళ్ళాడా?" అన్న తెలుగు వినబడి ఇద్దరమూ ఆగిపోయాము. పాతికేళ్ళ కుర్రవాడు. ఫోను పెట్టేశాక మా శ్రీమతి, "ఏ ఊరు నాన్నా మీది?" అని అడిగింది.

"సోంపేట దగ్గరమ్మా. ఉద్దానం."

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కుర్రవాళ్ళు వెల్డర్లుగా, ఫిట్టర్లుగా ఓడలెక్కడం మామూలే. ఇతడు ఇంజను విభాగంలో ఫిట్టరు. తొమ్మిది నెలల కాంట్రాక్టులో నాలుగు నెలలు గడిచాయి. అక్కడి మూత్రపిండాల జబ్బు గురించి పత్రికల్లో చదివినవారికి మిగిలినది తెలిసే ఉంటుంది. తండ్రికి వారానికి మూడుసార్లు పలాసలో డయాలిసిస్. వెళ్ళిరావడానికి ఆటో ఖర్చు, తోడు వెళ్ళిన రోజున తల్లికి కూలి నష్టం. ఇతడు పంపే డబ్బు అక్కడికి సరిపోతున్నది. మేము సంగీతం కోసం వచ్చామని తెలిసి నవ్వాడు.

"రాత్రుళ్ళు మా కాడకి డప్పొక్కటే దిగుతాదండి బాబూ. పాట దిగదు. ఏటంటారండి ఆ పాటల్లో?"

డప్పు ఎందుకు దిగుతుందో మేము చెప్పగలం. డ్రమ్ములు, బేస్ గిటారు పుట్టించే తక్కువ పౌనఃపున్యాలు ఉక్కు కట్టడంలోకి ఎక్కి, పలక నుంచి పలకకు పాకి, అడుగు అంతస్తుల దాకా వస్తాయి. మనిషి గొంతులోని మాటను మోసే ఎక్కువ పౌనఃపున్యాలు తివాచీలలోనూ తలుపులలోనూ ఇంకిపోతాయి. కాని అతడు అడిగింది అది కాదు. ఇల్లు విడిచి దూరం వచ్చినవాడి పాటలని, రైలు, అప్పు, జబ్బు, జవాబు రాని ఉత్తరం, ఇవే వాటిలో ఉంటాయని చెప్పాము.

"అయితే మా జముకుల పాట లాటిదేనండి" అని, డ్యూటీకి వేళయిందని లేచాడు. ఫోను నంబరు మా శ్రీమతి అడిగి రాసుకున్నది.

మిగిలిన నాలుగు రాత్రులూ వేదిక ముందు కూర్చున్నప్పుడు, కాలి కింద నేల అదురుతుంటే, ఆ అదురు ఎంత లోతుకు వెళుతున్నదో లెక్కకట్టడం మాకు అలవాటయింది. డ్రమ్ములవాడు బాగా వాయించిన రాత్రి ఎక్కువ సంతోషించాము.

తరువాత రెండు నెలలైనా గడవకముందే, 2020 మార్చిలో, కరోనా కారణంగా ప్రపంచమంతటా విహార నౌకలు ఆగిపోయాయి. ప్రయాణికులను దింపేశారు, సిబ్బందిని దింపుకోవడానికి చాలా రేవులు ఒప్పుకోలేదు. వేలాది మంది నెలల తరబడి సముద్రం మీదే ఉండిపోయారు. బ్లూస్ కళాకారులకు బారులు మూతపడ్డాయి, ఓడలు లేవు. కొందరు వంటింట్లో కూర్చుని గిటారు వాయించి ఫోన్లలో వినిపించి చందాలు అడిగారు. ఆ వేసవి అంతా మా శ్రీమతి వారానికోసారి ఆ నంబరుకు సందేశం పంపుతూ వచ్చింది. కొన్నిటికి జవాబు వచ్చేది, కొన్నిటికి లేదు. జూన్ చివరలో విశాఖపట్నం క్వారంటైన్ నుంచి ఫోను చేశాడు. తండ్రి ఉన్నాడు. డయాలిసిస్ లాక్‌డౌన్‌లో రెండుసార్లు తప్పిందట, గడ్డుకాలం దాటింది.

క్వారంటైన్‌లో పొద్దు పోవడం లేదంటే, రెండు పాటలు పంపాము. ఒకటి మిసిసిపీ జాన్ హర్ట్ ఒక్క గిటారుతో పాడినది, మాకు ప్రాణం. రెండవది షికాగోలో మడ్డీ వాటర్స్ తన బృందంతో రికార్డు చేసినది. మరునాడు జవాబు వచ్చింది.

"మొదటిది నిద్దరొస్తంది బాబూ. ఆ రెండోదే, డప్పున్నది. అలాటివి ఇంకుంటే పంపండి."