గడ్డికి లెక్క ఉంది, శ్రమకు లేదు

పశువు ఎంత తిన్నది, ఎంత పేడ వేసింది, ఎన్ని పాలిచ్చింది? నెమరువేసే పశువుల పోషణను అధ్యయనం చేసే శాస్త్రవేత్త జీవితం ఈ తూకాల మధ్యే గడుస్తుంది. ఈ తూకంలోకి ఏది వస్తుంది, ఏది రాదు అన్నది స్త్రీల హక్కులకు సంబంధించిన విషయం కూడా.

టి.ఆర్. ప్రెస్టన్ వృత్తి జీవితాన్నే తీసుకుందాం. 1960ల ఆరంభంలో ఆయన స్కాట్లాండ్‌లో, రోవెట్ పరిశోధనా సంస్థలో, బార్లీ గింజలతో దూడలను మాంసం కోసం త్వరగా పెంచే పద్ధతిపై పనిచేశారు. 1965లో క్యూబా వెళ్లారు. అక్కడ సమృద్ధిగా ఉన్నది చెరకు. పశువు పొట్టలోని సూక్ష్మజీవులు యూరియాలోని నత్రజనిని మాంసకృత్తులుగా మార్చుకోగలవు. అందువల్ల చెరకు మడ్డిలో యూరియా కలిపి మేపే పద్ధతిని అక్కడ అభివృద్ధి చేశారు. సంపన్న దేశాల మేత ప్రమాణాలను పేద దేశాలపై రుద్దకుండా, స్థానికంగా దొరికేదానితోనే మొదలుపెట్టాలని 1987లో ఆర్.ఎ. లెంగ్‌తో కలిసి రాసిన పుస్తకంలో వాదించారు.

మనుషుల తిండిగింజలకు పశువు పోటీ రానక్కరలేదన్న ఈ ఆలోచన పేదల పక్షాన నిలిచేదే. కానీ ఈ శాస్త్రం పల్లెకు చేరేసరికి, స్థానికంగా దొరికే వనరులలో స్త్రీల సమయాన్ని కూడా ఖర్చులేనిదిగా కలిపేస్తున్నారు.

మన వరిగడ్డి సంగతే చూడండి. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీళ్లలో కరిగించి చల్లి, గాలి చొరకుండా కప్పి, మూడు వారాలు ఉంచాలి. గడ్డి బలవర్ధకమవుతుంది. అయితే ఆ నీళ్లు మోసేదెవరు? గడ్డి పరిచి తొక్కేదెవరు? యూరియా సరిగా కరగకపోతే పశువు ప్రాణానికే ముప్పు. ఆ జాగ్రత్త భారం ఎవరిది? దశాబ్దాల ప్రచారం తర్వాత కూడా ఈ పద్ధతి విస్తృతంగా పాతుకుపోలేదు. రైతులకు అవగాహన లేదని సరిపెట్టుకోవడం తేలిక. కూలికి వెళ్లొచ్చి, వంట చేసి, పేడ ఎత్తే స్త్రీ మరో చాకిరీ వద్దనుకుంటే దాన్ని అజ్ఞానం అనగలమా?

పైగా శిక్షణకు పిలుపు, సంఘ సభ్యత్వం, పాల డబ్బు చాలాచోట్ల మగవాళ్ల పేరుమీదే నడుస్తున్నాయి. ఇది మారదని ఎవరైనా అంటే, 2002లో పని మొదలుపెట్టిన ముల్కనూరు మహిళా డెయిరీని చూపించాలి. అక్కడ సభ్యులూ స్త్రీలే, యజమానులూ స్త్రీలే.

పశుపోషణ శాస్త్రవేత్తలను మనం అడగవలసినవి మూడు. ప్రతి మేత ప్రయోగంలో గడ్డి తూకం పక్కన, స్త్రీలు పెట్టే శ్రమ గంటలనూ నమోదు చేయండి. శిక్షణ మేత వేసే మనిషికి ఇవ్వండి. కొత్త పద్ధతిని పల్లెకు తెచ్చేముందు ఆమె అభిప్రాయం అడగండి, ఆమె వద్దంటే ఎందుకు వద్దన్నదో రాసుకోండి. ఇవి లేని పరిశోధన ఎన్ని పత్రాలు ప్రచురించినా సగం లెక్కే చెబుతుంది.