వెండి నల్లబడితే తప్పు ఎవరిది?

ఈద్ సమీపిస్తున్నదంటే మన ఇళ్లలో పెట్టెలు, బీరువాలు తెరుచుకుంటాయి. నిరుడు భద్రంగా దాచిన పట్టీలు, కడియాలు, సుర్మాదాని బయటికి వస్తాయి. దాచిన నాడు తళతళలాడిన వెండి ఇప్పుడు మసి పూసినట్టుంటుంది. ఇక అనుమానాలు మొదలవుతాయి. ‘దుకాణదారు కల్తీ వెండి అంటగట్టాడు’ అంటారొకరు. ‘కోడలి ఒంటి తత్వమే అంత’ అంటారు మరొకరు. ‘దిష్టి తగిలింది’ అంటారు వేరొకరు. అది మహర్‌గా ఇచ్చిన నగ అయితే మాట మరింత దూరం పోతుంది. రెండు కుటుంబాల మధ్య మనసులు విరుగుతాయి. కనుక శుభ్రపరచే పద్ధతి కంటే ముందు, అసలు కారణం తెలుసుకోవటం అవసరం.

ఇనుము తుప్పు పట్టినట్టు వెండి తుప్పు పట్టదు. సాధారణ ఉష్ణోగ్రతలో ఒక్క ఆక్సిజన్ దానిని నల్లబరచలేదు. గాలిలో అతి స్వల్పంగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి గంధకపు వాయువులే దీనికి మూలం. వెండి గంధకంతో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అనే పదార్థంగా మారుతుంది. ఆ పొర మొదట పసుపు ఛాయలో, తరువాత గోధుమ రంగులో, చివరకు నల్లగా కనిపిస్తుంది. మురుగుకాలువల వాసన, బొగ్గు పొగ, ఉడికిన గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి, ఉన్నిబట్ట, రబ్బరు — వీటన్నింటిలో గంధకం ఏదో రూపంలో ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువైతే మార్పు వేగమవుతుంది. వానాకాలంలో నగలు త్వరగా మసకబారటానికి కారణం ఇదే.

మరి కల్తీ సంగతేమిటి? స్వచ్ఛమైన వెండి మెత్తనిది. దానితో చేసిన నగ సులభంగా వంగిపోతుంది. అందుకే గట్టిదనం కోసం కొంత ఇతర లోహాన్ని, సాధారణంగా రాగిని, కలుపుతారు. నగ మీద 925 అని ఉంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి అని అర్థం. రాగి పాలు పెరిగే కొద్దీ నల్లబడటం త్వరితమవుతుంది. అయితే మేలిమి వెండి కూడా నల్లబడుతుంది. మరోవైపు, రోడియం పూత పూసిన నగ చాలాకాలం మెరుస్తూనే ఉంటుంది. కాబట్టి నల్లబడటం కల్తీకి రుజువు కాదు, మెరవటం స్వచ్ఛతకు రుజువు కాదు. అనుమానం ఉన్నవారు హాల్‌మార్క్ ముద్ర చూడాలి, లేదా పరీక్ష చేయించాలి.

ధరించినవారి చెమట, సబ్బు, తలకు వేసే రంగు, అత్తరు కూడా వెండి మీద ప్రభావం చూపుతాయి. చెమట అందరిలో ఒకేలా ఉండదు. అందుచేత ఒకే దుకాణంలో కొన్న పట్టీలు అక్క కాళ్లకు ఒకలా, చెల్లెలి కాళ్లకు మరోలా మారవచ్చు. దీనిని బట్టి ఎవరి ఆరోగ్యాన్నీ, అదృష్టాన్నీ నిర్ణయించరాదు. విచారించకుండా నింద మోపటం ఎంత తగని పనో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక శుభ్రపరచే పద్ధతులు చూద్దాం. కొద్దిగా మసకబారిన నగకు గోరువెచ్చని నీరు, కాస్త కుంకుడు రసం, మెత్తని బ్రష్ చాలు. మంచినీటితో కడిగి, మెత్తని నూలుగుడ్డతో తడి లేకుండా తుడవాలి.

బాగా నల్లబడిన సాదా నగలకు మరొక పద్ధతి ఉన్నది. గాజు లేదా పింగాణీ గిన్నె అడుగున అల్యూమినియం ఫాయిల్ పరిచి, దానికి తగిలేలా నగను ఉంచాలి. ఒక లీటరు వేడినీటిలో ఒక పెద్ద చెంచా వంటసోడా, ఒక పెద్ద చెంచా ఉప్పు కరిగించి పోయాలి. కొద్ది నిమిషాలలో నలుపు విడిపోతుంది. కుళ్లిన గుడ్డు వాసన రావచ్చు; కిటికీలు తెరిచి ఉంచండి. ఇందులో అల్యూమినియం గంధకాన్ని తన వైపు లాగుకుంటుంది, వెండి నగలోనే మిగులుతుంది. రుద్దితే మాత్రం నలుపుతో పాటు కొంత వెండి కూడా పోతుంది.

అయితే ఈ పద్ధతి అన్నింటికీ తగదు. ముత్యాలు, ఫిరోజా, అతికించిన రాళ్లు, మీనాకారీ ఉన్న నగలను వేడినీటిలో ముంచరాదు. చిత్రపు గీతలలో కావాలనే నలుపు నింపిన నగలకూ ఇది పనికిరాదు, అందమే పోతుంది. కరీంనగర్ వెండి తీగపని వస్తువులను గట్టిగా రుద్దితే సన్నని తీగలు వంగిపోతాయి. బీద్రీ పాన్‌దాన్‌లో జింకు మిశ్రమం మీద ఉన్న నలుపు మురికి కాదు, పనివాడు బీదర్ కోట మట్టితో తెప్పించిన రంగు. దానిని పొడిగుడ్డతో తుడిచి, చుక్క కొబ్బరినూనె రాస్తే చాలు.

టూత్‌పేస్ట్, బూడిద, ఇనుప పీచు వాడితే గీతలు పడతాయి. బ్లీచింగ్ ద్రావణం వెండిని పాడుచేస్తుంది. ముఖ్యంగా, వాకిట్లోకి వచ్చి ‘క్షణంలో మెరిపిస్తాం’ అనే అపరిచితుల పట్ల జాగ్రత్త వహించండి. నత్రికామ్లం వెండిని కరిగిస్తుంది. నగ మెరుస్తూ తిరిగి వచ్చినా బరువు తగ్గి ఉండవచ్చు. ఎవరికి మెరుగుకు ఇచ్చినా ముందూ వెనుకా తూకం వేయించుకోవాలి.

ఆ తూకాన్ని రాసి పెట్టుకుంటే జకాత్ లెక్కకూ ఉపకరిస్తుంది. వెండి నిసాబ్ 200 దిర్హములు. మన దేశంలో సాధారణంగా 612.36 గ్రాములుగా లెక్కిస్తారు. నగలు నల్లబడి మూలన పడి ఉన్నాయని వాటిని లెక్కలోంచి తీసివేయరాదు. పైన పట్టిన పొర అతి పలుచనిది, లోపలి వెండి వెండిగానే ఉన్నది.

దాచేటప్పుడు నగను పూర్తిగా ఆరనిచ్చి, మెత్తని నూలుగుడ్డలో చుట్టి, గాలి చొరని సంచిలో ఒక సుద్దముక్కతో పాటు ఉంచండి. సుద్ద తేమను కొంత పీల్చుకుంటుంది. రబ్బరు బ్యాండు చుట్టవద్దు, ఉన్నిబట్టల మధ్య పెట్టవద్దు. అత్తరు పూసుకున్న తరువాతే నగలు ధరించండి. తరచుగా ధరించి, తీసిన వెంటనే తుడిచి పెట్టే నగకు నలుపు తక్కువగా పడుతుంది. పెట్టె అడుగున ఏళ్ల తరబడి దాచిన దానికంటే కోడలి కాళ్లకు రోజూ ఉండే పట్టీలే ఎక్కువ కాలం మెరుస్తాయి.