సముద్రంలో కలిసే వరద నష్టం కాదు

ఏటా వరదల కాలంలో ధవళేశ్వరం దగ్గరా, ప్రకాశం బ్యారేజి దగ్గరా గేట్లు ఎత్తగానే ఒకే ఆవేదన వినిపిస్తుంది: ఇన్ని వందల టీఎంసీలు సముద్రం పాలయ్యాయని. పత్రికలు ఆ అంకెను నష్టంగానే అచ్చువేస్తాయి. ఏ పార్టీ ప్రభుత్వమైనా కొత్త జలాశయానికీ, కొత్త ఎత్తిపోతలకూ దాన్నే సాక్ష్యంగా చూపుతుంది. గోదావరి నీటిని రాయలసీమకు తరలించాలన్న పోలవరం–బనకచర్ల ప్రతిపాదన వెనక ఉన్నదీ ఈ లెక్కే. గోదావరి నుంచి ఏటా దాదాపు 3 వేల టీఎంసీలు కడలిలో కలుస్తున్నాయి కాబట్టి అందులో కొంత మళ్లిస్తే ఎవరికీ లోటు రాదన్నది వాదన. ఈ లెక్కలో నది అంటే నీరొక్కటే. నది మోసుకొచ్చే మట్టికి అందులో పద్దే లేదు. ఆ మట్టి లేకపోతే డెల్టాయే లేదు. సుమారు ఆరు వేల ఏళ్ల కిందట తీరం ఇప్పటికంటే పదుల కిలోమీటర్లు లోపల ఉండేదని గోదావరి డెల్టా పొలాల మధ్య మిగిలిన పాత ఇసుక దిబ్బలు చెబుతున్నాయి. అక్కడి నుంచి నేటి తీరం దాకా ఉన్న నేలంతా వరదలు మేట వేసిందే. కృష్ణా డెల్టా పుట్టుకా అంతే.

ఆనకట్ట వెనక నీటి వేగం పడిపోగానే ముందు ఇసుక, తరవాత ఒండ్రు అడుగున దిగిపోతాయి. అలా దిగినది ఎంతో జలాశయాల నిల్వ సామర్థ్యమే చెబుతుంది. శ్రీశైలం 308 టీఎంసీల నుంచి 216కు, నాగార్జునసాగర్ 408 నుంచి 312కు, తుంగభద్ర 133 నుంచి 106కు తగ్గాయి. ఈ మూడింటిలోనే సుమారు 215 టీఎంసీల చోటు పోయింది. నేటి శ్రీశైలం జలాశయం మొత్తం పట్టే నీరు అంతే. ఈ పూడికను మనం ఇంజినీర్ల ఇబ్బందిగానే చూస్తున్నాం, ఆయకట్టుకు నీళ్లు తగ్గాయనే బాధపడుతున్నాం. పైన పేరుకున్న ప్రతి టన్నూ కింద తీరానికి అందకుండా పోయిన టన్ను అని మాత్రం గుర్తించడం లేదు.

ఇది ఊహాగానం కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు, ఆయన సహచరులు 2010లో ప్రచురించిన పరిశోధన రెండు డెల్టాల తీరాన్నీ 1965 నుంచి 2008 వరకు పరిశీలించింది. 336 కిలోమీటర్ల తీరం వెంట నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల, అంటే 18 వేల ఎకరాలకు పైగా, సముద్రం తీసుకుంది. 1990కి ముందు ఏటా సగటున 1.39 చదరపు కిలోమీటర్లుగా ఉన్న కోత తరవాతి పదేళ్లలో 2.32కు పెరిగింది. కృష్ణ నుంచి డెల్టాకు చేరే నీరు 1950లలో ఏటా సుమారు 2,185 టీఎంసీలు ఉంటే, 2000 తరవాతి తొమ్మిదేళ్లలో 417కు పడిపోయింది. నీటిలో తేలివచ్చే మట్టి 1960ల చివర ఏటా 90 లక్షల టన్నులు ఉంటే, 2000–2005 నాటికి 4 లక్షల టన్నులకు దిగజారింది. గోదావరి అంకెలు మరీ ముఖ్యం. అక్కడ నీటి పరిమాణంలో పెద్ద మార్పే లేదు. మట్టి మాత్రం 1970లలో 15 కోట్ల టన్నులు ఉన్నది 2000–2006 నాటికి 5.7 కోట్లకు తగ్గింది. గోదావరిలో కావలసినంత నీరుంది కదా, భయమెందుకు అనేవారికి ఈ ఒక్క పోలికే జవాబు. నీరు నిండుగా పారుతూనే నది నేలను కట్టడం మానేయగలదు.

నష్టం తీరం దగ్గరే ఆగదు. మట్టిని జలాశయంలో దించుకున్న తేటనీరు కిందికి వచ్చాక అడుగునూ గట్లనూ కోస్తుంది. లంకల మీద మేట పలచబడి కోత మిగులుతుంది. కోరింగలోనూ, కృష్ణా ముఖద్వారంలోనూ ఉన్న మడ అడవులకు మంచినీరూ, కొత్త బురదా రెండూ కావాలి. నల్లమడ చెట్టు ఉప్పును ఓర్చుకుంటుంది గానీ కాళ్ల కింద నేల కరిగిపోవడాన్ని ఓర్చుకోలేదు. ఆ వేళ్ల మధ్యే రొయ్య పిల్లలూ, పీతలూ పెరుగుతాయి. వరదతో వచ్చే పోషకాలే తీరప్రాంత చేపలకు మేత. గోదావరికి ఎర్రనీరు తగలగానే సముద్రం నుంచి ఎదురీదే ఇలస, పులసగా మారి వలలో పడే ఆ కొద్ది వారాలు ఆధారపడేది కూడా మనం నష్టమని రాసుకుంటున్న వరద మీదే.

తీరం కోతకు కారణాలు చాలా ఉన్నాయని కొందరంటారు. నిజమే. సముద్రమట్టం పెరుగుతోంది, డెల్టా నేల తనంతట తాను కుంగుతోంది, ఇసుక తవ్వకాలు అడ్డూఅదుపూ లేకుండా సాగుతున్నాయి. కానీ అదే పరిశోధన ప్రకారం ఆనకట్టల ఎగువన కొలిచిన మట్టికంటే దిగువన కొలిచిన మట్టి ప్రతిచోటా తక్కువగా ఉంది. పైగా సముద్రం పెరిగే కాలంలో డెల్టాను నిలబెట్టగలిగేది ఏటేటా పడే మేట ఒక్కటే. సముద్రమట్టం పెరగడం ఆనకట్టలను నిర్దోషులుగా చేయదు. వాటి నేరాన్ని మరింత బరువు చేస్తుంది. పూడిక తీసేస్తే సరిపోతుందన్నది ఇంకో మాట. శ్రీశైలంలో పోయిన 92 టీఎంసీలంటే సుమారు 260 కోట్ల ఘనపు మీటర్ల మట్టి. పది ఘనపు మీటర్లు పట్టే టిప్పర్లతో ఎత్తితే 26 కోట్ల లోడ్లు. అది జరిగే పని కాదు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం రాయలసీమది, పాలమూరుది. కరువు ప్రాంతానికి నీళ్లివ్వొద్దని ఎవరూ అనకూడదు, నేనూ అనను. నా అభ్యంతరం నీటిని వాడుకోవడం మీద కాదు, దాన్ని ఆపే తీరు మీద. చైనాలో పసుపు నది మీద 1960లో కట్టిన సాన్‌మెన్‌షియా ఆనకట్ట కొద్ది సంవత్సరాల్లోనే పూడిపోతే, అడుగున తూములు తెరిచి, బురద వరదను వదిలేసి తేటనీటిని నిలిపే పద్ధతికి మార్చారు. మనకు కుదిరే పద్ధతి వేరే కావచ్చు. అయినా తొలి వరదను ఎంతవరకు వదలాలి, ఏ గేట్ల నుంచి వదలాలి అన్న చర్చ కూడా లేకుండా మరో జలాశయాన్ని నింపుకోవడం కరువు ప్రాంతానికి మేలు చేయదు. రేపు పూడిపోయేది వారికి రావలసిన నీటి చోటే.

కాబట్టి ఇకనుంచి ఏ ప్రాజెక్టు నివేదికలోనైనా నీటి లెక్క పక్కనే మట్టి లెక్క ఉండాలి: ఏటా ఎంత ఆగుతుంది, ఎంత కిందికి చేరుతుంది, చేరకపోతే తీరంలో ఏ ఊళ్లు పోతాయి. పోలవరం జలాశయం నిండకముందే ఆ లెక్కను ప్రజల ముందు పెట్టాలి. కోనసీమ, దివిసీమ వాసులు దాన్ని ఇప్పుడే అడగాలి.